ఐరాల చెరువులో చేప, పులికాటులో చేప



చేపల వేట గురించి ఐరాలలో కూర్చుని మాట్లాడటమేమిటని కొందరికి నవ్వు రావచ్చు. మన మండలానికి సముద్రం లేదు, జీవనది అంతకన్నా లేదు. కాణిపాకం పక్కన పారే బాహుదా యేడాదిలో ఎక్కువ నెలలు ఇసుకనే చూపిస్తుంది. వాన పడ్డప్పుడు ఆ నీరు నీవాలోకి, ఆ తరువాత తమిళనాడులో పాలారులోకి చేరి, మనం చూడని చోట బంగాళాఖాతంలో కలుస్తుంది. మనకున్నవి చెరువులు, కుంటలు. అవి కూడా దేవుడు కరుణించిన యేటనే నిండుతాయి.

అయినా ఈమధ్య యే వూరికి వెళ్లినా రచ్చబండ దగ్గర చేపల ప్రస్తావన రాకుండా పోవడం లేదు. "సార్, మా చెరువులో పిల్లలు వదిలితే యెంతొస్తాది?" అని ఒకరు. "సముద్రం చేప తెచ్చి చిత్తూరులో అమ్మితే గిట్టుబాటు అవుతాదా?" అని ఒక యువకుడు. "బోరు నీళ్లలో ఉప్పేసి రొయ్యలు పెంచొచ్చంట గదా?" అని ఇంకొకరు. నేను చదివింది వ్యవసాయ డిప్లొమా. చేపల సంగతి మత్స్యశాఖ వారి దగ్గర, చెరువుగట్ల మీద వలలు లాగే వారి దగ్గర తెలుసుకున్నదే ఎక్కువ. ఆ తెలుసుకున్నది ఈ పూట మీ ముందు పెడతాను. చివరి ప్రశ్నకు మాత్రం జవాబు ముందే చెబుతాను, ఉప్పు వెయ్యకండి. కారణం తరువాత చెబుతాను.

మొదట చెరువు సంగతి. బొచ్చె, శీలవతి, ఎర్రమోసు అనే మూడు రకాలు మన దేశపు పెద్ద నదుల చేపలు. ఇవి నిలువ నీటి చెరువులో బాగా పెరుగుతాయి, కాని అక్కడ గుడ్లు పెట్టవు. వరదనీరు పారే నదిలోనే పెడతాయి. అందుచేత వెనకటి రోజుల్లో పిల్లలను నదుల్లో పట్టి, కుండల్లో పోసి, రైళ్ల మీద దూరప్రాంతాలకు పంపేవారు. దారిలో సగం చచ్చేవి. బతికినవాటిలో యే జాతి యెంత వుందో ఎవరికీ తెలిసేది కాదు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుళ్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రజ్ఞుడు, పీయూష గ్రంథి నుంచి తీసిన సారాన్ని తల్లిచేపలకు సూదిమందుగా ఇచ్చి, నిలువ నీటిలోనే వాటిచేత గుడ్లు పెట్టించాడు. ఆ రోజును 2001 నుంచి జాతీయ మత్స్యరైతుల దినంగా జరుపుతున్నారు. కోరిన జాతి పిల్ల, కోరినంత లెక్కకు దొరకడం అప్పటినుంచే సాధ్యమైంది.

కాని అక్కడే మన ప్రాంతానికి ఒక చిక్కు వుంది. దీన్ని గ్రహించకపోవడంచేతనే మన చెరువుల్లో చేప వదిలినవారు తరచు నష్టపోతున్నారని నా అభిప్రాయం. హేచరీలలో పిల్ల ఎక్కువగా పుట్టేది జూన్ నుంచి ఆగస్టు లోపల. నైరుతి రుతుపవనంతో నిండే చెరువులున్నవారికి అది సరిగ్గా సరిపోతుంది. మన జిల్లాకు రెండు రుతుపవనాలూ వస్తాయి గాని, చెరువు నిండి మొరవ పోవాలంటే చాలా యేళ్లు ఐప్పసి, కార్తీక మాసాల తుఫాను వానే దిక్కు. అనగా పిల్ల దొరికే నెలల్లో మనకు నీళ్లుండవు. నీళ్లొచ్చే నెలల్లో మంచి పిల్ల చవకగా దొరకదు. నవంబరు చివర చెరువు నిండిందని తెలిశాక, వేలం పాడినవారు హడావుడిగా యెక్కడినుంచో అంగుళం పిల్లను తెచ్చి కుమ్మరిస్తారు. అంగుళం పిల్లను కొర్రమీను మింగుతుంది, వాలుగ మింగుతుంది, కొంగ యెత్తుకుపోతుంది. పదింట ఒకటి మిగిలితే గొప్ప. ఆ మిగిలినదీ యేప్రిల్‌కు చెరువు ఎండేవేళకు అరచెయ్యంత కాదు. అప్పుడు "మన నీళ్లకు చేప పెరగదు" అంటారు. నీళ్లు చేసిన తప్పేమీ లేదు.

చెరువులో నీరు నిలిచేది 5, 6 నెలలే గనుక, వదిలేటప్పుడే పిల్ల పెద్దదిగా వుండవలె. కనీసం 80 నుంచి 100 మిల్లీమీటర్లు, అంటే చూపుడువేలికన్నా పొడుగు. ఆరంగుళాలుంటే ఇంకా మంచిది. అటువంటి పిల్ల నవంబరులో మన వూళ్లోనే దొరకాలంటే జూలైలోనే చిరుపిల్లను తెచ్చి, ఎవరో ఒకరు 4 నెలలు సాకవలె. చిన్నరైతుకు అవకాశం ఇక్కడుందని నా నమ్మకం. పెద్ద చెరువు వేలం పాడే తాహతు అందరికీ వుండదు. బోరు కింద పది సెంట్ల కుంట చాలామందికి వుంటుంది, లేకపోతే తవ్వుకోగలరు.

పది సెంట్లంటే సుమారు 400 చదరపు మీటర్లు. నాలుగైదు అడుగుల లోతు చాలు. ఎండగట్టి, అడుగు పగిలేదాకా వదిలి, పది కిలోల సున్నం చల్లండి. వారం తరువాత 200 కిలోల పచ్చిపేడ నాలుగు మూలలా కుప్పలు వేసి, రెండడుగుల నీరు పెట్టండి. నీరు ఆకుపచ్చగా తిరిగితే చేపకు కావలసిన సూక్ష్మజీవుల మేత తయారైనట్టు. మోచేతిదాకా చెయ్యి ముంచి చూడండి. మోచెయ్యి దగ్గరకు వచ్చేసరికి అరచెయ్యి మసకబారితే చాలు. అరచెయ్యి స్పష్టంగా కనబడుతుంటే ఇంకా పేడ కావాలి. మణికట్టు దగ్గరే కనబడకపోతే పేడ మించింది, నీరు మార్చాలి. అప్పుడు అంగుళం పిల్లలను 8 వేల నుంచి 12 వేల దాకా వదలవచ్చు. తవుడు, చెనిక్కాయ చెక్క సమంగా కలిపి, తడిపి, ముద్దలుగా ఒక తట్టలో పెట్టి నీళ్లలో దించితే, యెంత తిన్నవో, యెంత మిగిల్చినవో మరునాడు తెలుస్తుంది. మన ఇళ్లల్లో ఆడవాళ్లు ఈ పని మగవాళ్లకన్నా జాగ్రత్తగా చేస్తారు. పశువుకు కుడితి పెట్టిన చెయ్యికి కొలత బాగా తెలుసు.

మన ఎర్రనేలల్లో నీరు ఇంకిపోతుందనేది నిజమే. నల్ల ప్లాస్టిక్ పట్టా వేసిన కుంటలు ఇప్పుడు చాలా వున్నాయి. వాటిలోనూ పిల్లను సాకవచ్చు. అయితే పట్టా మీద అరడుగు మట్టి పరవకపోతే నీళ్లలో సహజమైన మేత సరిగా పుట్టదు, మేత ఖర్చు పెరుగుతుంది. పట్టా జారుడుగా వుంటుంది గనుక చుట్టూ కంచె, లోపలికి ఒక తాడు తప్పనిసరి. చేపకోసం తవ్విన కుంట పిల్లవాడి ప్రాణం తియ్యకూడదు.

కుంటలో అడవిచేపలు వుండి, ఎండగట్టడం వీలుకాకపోతే ఇప్పపిండి వెయ్యాలి. మీటరు లోతు నీళ్లకు పది సెంట్లకు వంద కిలోలు పడుతుంది. వేసిన మూడు వారాలదాకా పిల్లను వదలకూడదు. కొందరు పురుగుమందు పోస్తే పోతుంది కదా అంటారు. ఆ నీళ్లు తాగే గొడ్డు సంగతి ఆలోచించండి.

నవంబరు, డిసెంబరులలో పెద్ద చెరువు నిండింది. ఎన్ని పిల్లలు వదలాలి? ఇక్కడ లెక్క తప్పేవారు ఎక్కువ. నిండినప్పుడు కనబడే విస్తీర్ణాన్ని లెక్కకు తీసుకోకండి, అందులో సగమే తీసుకోండి. నెల తిరిగేసరికి ఆ అంచుల్లో గొర్రెలు మేస్తుంటాయి. నిండు నీరు 20 హెక్టార్లుంటే 10 హెక్టార్లకే లెక్క. హెక్టారుకు 2,500 చొప్పున 25 వేల పిల్లలు. మనవంటి కొద్దికాలపు చెరువుల్లో నూటికి 35 బొచ్చె, 35 శీలవతి, 30 బంగారు తీగ అనే పాళ్లు బాగుంటాయి. బొచ్చె పైనీటిలో తింటుంది, శీలవతి నడిమిలో, బంగారు తీగ అడుగున బురద కెలికి తింటుంది. ఒకదాని కూటికి ఒకటి అడ్డు రాదు. 25 వేలలో సగం బతికి, ఒక్కొక్కటి అరకిలో తూగితే 6 టన్నులు దాటుతుంది. అదే అంగుళం పిల్ల అయితే ఆ లెక్క కాగితం మీదనే వుండిపోతుంది.

ఇక అసలు తగాదా దగ్గరకు వద్దాం. చెరువు ముందు ఆయకట్టుది, పిమ్మట చేపలది. ఈ మాట వేలం పాడినవారికి రుచించదు. నేను పనిచేసిన ఒక గ్రామంలో, పేరు చెప్పను, మార్చి నెలలో వరి పాలుపోసుకునే దశలో వుంది. చేపల గుత్తేదారుకు తొందర. రాత్రిపూట తూము ఎత్తి వదిలారు. తెల్లవారి చూస్తే కాలువలు పొర్లుతున్నవి, చెరువు మడుగైంది, మధ్యాహ్నానికి వలలు దిగినవి. పది రోజులకు తూము కింద మడులు నెర్రెలు విచ్చినవి. తాలు గింజ వచ్చిన రైతులు మరుసటి యేడు "మా చెరువులో చేప మాటెత్తితే కాళ్లిరగ్గొడతాం" అన్నారు. వారిది తప్పని నేననలేను. అయితే ఇందులో చేప తప్పు యేముంది? ఒడంబడికలో తూము మాట రాయకపోవడమే తప్పు.

కొన్ని చెరువుల చేపల హక్కు పంచాయతీది, కొన్నిటిది మత్స్యశాఖది. ఏదైనా సరే, వేలం రోజుననే నాలుగు సంగతులు అందరి ఎదుట చదివించి కాగితం మీద పెట్టించండి. తూము తాళం నీరుగట్టి దగ్గరే వుంటుంది, చేపలవారు ముట్టకూడదు. తూము అడుగుమట్టం కింద పొలానికి ఎక్కని నీరు ఒక మడుగుగా మిగులుతుంది కదా, అది చేపలది. దాన్ని మోటార్లు పెట్టి తోడటానికి ఆయకట్టుదారులకు హక్కు లేదు. గొడ్లు నీళ్లు తాగే రేవు వదిలి వలలు కట్టాలి. మందు, టపాకాయ యే రూపంలోనూ వాడరాదు. ఈ చివరిది కొత్త చట్టమేమీ కాదు. నీళ్లలో మందుగుండు పేల్చడం, విషం కలపడం 1897 నాటి భారత మత్స్యచట్టం నాడే నేరం. పూడిక తీసేటప్పుడు ఆ మడుగును కాస్త లోతు చేయించుకుంటే ఇంకో నెల కలిసివస్తుంది. చేపకు ఆఖరి నెలలోనే బరువు ఎక్కువ పెరుగుతుంది.

మొరవ దగ్గర ఇంకొక సంగతి. చెరువు పొంగితే పిల్ల కొట్టుకుపోతుందని కొందరు మొరవకు అడ్డంగా సన్నకన్ను వల బిగిస్తారు. వరదలో కంప, ఆకు, చెత్త వచ్చి ఆ వలకు పట్టుకుంటే అది గోడ అవుతుంది. నీరు కట్ట ఎక్కుతుంది. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకు పడి, దిగువ పల్లెల జనాన్ని ఖాళీ చేయించిన సంగతి మీకందరికీ గుర్తే. దానికి కారణం వలలు కాదు. కాని రాజుల కాలపు పెద్ద కట్టకే అంత భయం వచ్చినప్పుడు, మన మట్టికట్టల మాట యేమిటి? కావాలంటే వెదురు తడిక వాలుగా నిలపండి, వేళ్లు దూరే సందు వుండాలి, వాన పట్టిన రాత్రి మనిషి కాపలా వుండి చెత్త తియ్యాలి. వరద మించుతుంటే తడిక పీకి పారెయ్యండి. పోయిన చేప కింది చెరువులో ఎవరికో దొరుకుతుంది.

పట్టేది యెప్పుడు, అమ్మేది యెప్పుడు? ఈ ప్రశ్నకు జవాబు మన చెరువులో కాదు, సముద్రంలో వుంది. తూర్పుతీరమంతటా యేప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, యంత్రాలున్న పడవలు వేటకు వెళ్లకూడదు. అది చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలు వేట లేక కూర్చున్న మత్స్యకార కుటుంబాలకు మన రాష్ట్ర ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2025లో దాన్ని 10 వేల నుంచి 20 వేల రూపాయలు చేశారు. ఇంజను లేని తెడ్డుపడవలకు ఆ నిషేధం వర్తించదు. మొత్తం మీద ఆ రోజుల్లో చిత్తూరు, తిరుపతి బజార్లకు మంచులో వచ్చే సముద్రపు చేప పలచబడుతుంది. మన చెరువులు అడుగంటేదీ, గంగమ్మ జాతరలు వచ్చేదీ ఆ రోజుల్లోనే. జాతరకు వచ్చిన చుట్టాలకు పచ్చిపులుసుతో సరిపెట్టే ఇల్లు మన సీమలో లేదు గదా! కనుక మార్చిలో అందరితోపాటు ఒక్కసారే వల దించి, చిత్తూరు దళారి చెప్పిన ధరకు ఒప్పుకునేకన్నా, యేప్రిల్ నడిమి నుంచి వారానికి రెండుసార్లు, తెల్లవారుజామున, పెద్దవాటిని మాత్రమే పట్టి, వూరి దగ్గరే అమ్మడం మేలు. దీనికే నేను మడుగు నీటి మీద అంత పట్టు పట్టింది. పెరటాసి నెలలో ఎంత మంచి చేప తెచ్చినా కొనేవారుండరు, ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

యేప్రిల్ ఎండలకు మడుగు నీరు వేడెక్కి, తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచి గుటకలు వేస్తుంటే అది ఆకలి కాదు, ప్రాణవాయువు చాలకపోవడం. ఆ పూట మేత వెయ్యకండి. వీలైతే బోరునీరు పైనుంచి చిమ్మించండి. లేదా నలుగురు దిగి నీటిని కలచండి. ఆ రోజే కొంత సరుకు పట్టి బరువు తగ్గించండి.

ఇప్పుడు సముద్రం సంగతి. మనకు దగ్గరగా ఉప్పునీటి వేట చూడదలచినవారు తిరుపతి, శ్రీకాళహస్తి దాటి సూళ్ళూరుపేట, తడ వైపు వెళ్లాలి. అక్కడిది పులికాట్ సరస్సు. పాతవాళ్లు ప్రళయకావేరి అంటారు. మన దేశపు ఉప్పుటేటి సరస్సుల్లో చిలక తరువాత ఇదే పెద్దది. శ్రీహరికోట దీవి దీనికీ సముద్రానికీ నడుమ గట్టులాగా వుంటుంది. చలికాలంలో కొంగలను, రాజహంసలను చూడటానికి జనం వెళ్తారు. వాకాడు దగ్గర తూపిలిపాళెం ఇసుకతీరానికి సెలవురోజుల్లో వెళ్లి స్నానాలు చేసేవారూ వున్నారు. నేను చెప్పేది వారు చూడని భాగం.

ఆ సరస్సులో నీరు యేడాది పొడుగునా ఒకటిగా వుండదు. వానకాలంలో కాళంగి, ఆరణి నదుల మంచినీరు వచ్చి ఉప్పు తగ్గిస్తుంది. వేసవిలో నీరు ఇగిరి ఉప్పు పెరుగుతుంది. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. గింజంత పిల్ల ముఖద్వారం గుండా పోటునీటితో సరస్సులోకి వచ్చి, అక్కడి మెత్తటి బురదలో మేసి పెరిగి, మళ్లీ సముద్రానికి పోతుంది. పండుగప్ప, పాలబొంత, పీత కూడా ఇట్లా రాకపోకల మీద బతికేవే. ఆ ముఖద్వారం ఇసుకతో పూడితే రావలసింది రాదు, పోవలసింది పోదు. వాకాడు వైపు రాయదొరువు ముఖద్వారం పూడిపోయి, తవ్వించమని అక్కడి జాలరులు యేళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. మన తూము తగాదాకూ వారి ముఖద్వారం గోడుకూ పెద్ద తేడా లేదు. నీటికి దారి వుంటేనే అక్కడైనా, ఇక్కడైనా చేప. ఆరణియార్ జలాశయం మన పిచ్చాటూరు దగ్గరిదే. అక్కడ నిలిచే నీరు, అక్కడినుంచి వదిలే నీరు చివరకు ఆ సరస్సు మొహమే చూస్తుంది.

మన యువకులు కొందరు అక్కడ పడవలో వాటా కొంటామంటారు. తొందరపడవద్దని నా సలహా. అక్కడ యే వూరివారు యే రోజున యే నీటిలో వల వెయ్యాలో తరతరాల కట్టుబాట్లున్నాయి. పైగా శ్రీహరికోట నుంచి రాకెట్టు ఎగిరే రోజున సముద్రం మీదికి వెళ్లవద్దని హెచ్చరిక వుంటుంది. తుఫాను రోజులు వేరు, నిషేధపు 61 రోజులు వేరు. డబ్బు పెట్టి ఐరాలలో కూర్చునేవాడికి అది కుదిరే వ్యాపారం కాదు. సరుకు తెచ్చి అమ్మడం కుదురుతుంది, అయితే మంచు ఖర్చు ముందుగా లెక్క వేసుకోవలె. కిలో చేపకు కిలో మంచు అనేది వేసవి లెక్క. మంచులో పిసినారితనం చేసినవాడు చిత్తూరు చేరేలోగా చేపను ఎరువు చేసుకుంటాడు. అంతకన్నా తేలిక కరవాడు వ్యాపారం. మన పల్లెల్లో రాగిసంగటికి కరవాడు పులుసు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. కొనేటప్పుడు వేలితో వంచి చూడండి. ఇసుక రాలితే నేల మీద ఎండబెట్టినది. పొట్ట దగ్గర మెత్తగా, ఎర్రగా వుంటే సరిగా ఎండనిది, వానకాలంలో పురుగు పడుతుంది. తట్టల మీద, వలల మీద ఎండబెట్టిన సరుకుకు రెండు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి.

సరదాకు గాలం వేసేవారికి ఒక మాట. గుత్తకు ఇచ్చిన చెరువులో గాలం వేసినా అది ఇంకొకరి సొత్తే, అడిగి వెయ్యండి. కళ్యాణి డ్యాం తిరుపతి, తిరుమలలకు తాగునీరిచ్చేది, అక్కడ సరదాలు వద్దు.

ఉప్పు సంగతి చెబుతానన్నాను. వనామీ రొయ్యను 2009లో మన దేశంలోకి అనుమతించిన తరువాత కోస్తాలో చాలామంది బాగుపడ్డారు, చాలామంది అప్పులపాలయ్యారు కూడా. అది కొద్దిపాటి ఉప్పునీటిలో కూడా బతుకుతుంది, నిజమే. కాని మన బోరు కింద గుంటలో ఉప్పు వేస్తే, ఆ ఉప్పు ఎర్రనేలలోకి ఇంకి, పక్కవాడి బావిలో తేలుతుంది. పక్కవాడికి మామిడితోపు వుంటుంది, చెరకు వుంటుంది. రొయ్య పోతే ఒక పంట పోతుంది. నేల ఉప్పు తేలితే మనవళ్లదాకా పోదు. మంచినీటి చేప వుండగా మనకు ఆ దారి యెందుకు?

సొంత నేలలో కుంట తవ్వదలచినవారికి 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నూటికి 40 వంతులు, స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి 60 వంతులు సహాయం ఏర్పాటు చేశారు. ఈ యేటి కేటాయింపు యెట్లా వుందో రైతు సేవా కేంద్రంలోగాని, గ్రామ మత్స్య సహాయకుని దగ్గరగాని ముందుగా అడిగి, ఆ తరువాతనే గునపం పట్టండి. తవ్వాక అడిగితే కొలతల దగ్గర పేచీ వస్తుంది. పంటకు ఇచ్చినట్టే చేపకూ కిసాన్ క్రెడిట్ కార్డు మీద అప్పు దొరుకుతుంది.

పిల్లను తెచ్చే రోజు సంగతి చెప్పి ముగిస్తాను. ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ సంచిలో మూడో వంతు నీరు, తక్కినది గాలి వుండాలి. రాత్రి బయలుదేరి తెల్లవారేసరికి చెరువు చేరండి. చేరగానే సంచి కోసి కుమ్మరించకండి. కట్టు విప్పకుండా పావుగంట, ఇరవై నిమిషాలు నీటి మీద తేలనివ్వండి. అప్పుడు మూతి విప్పి, దోసిలితో చెరువునీరు కొద్దికొద్దిగా లోపల పొయ్యండి. లోపలి నీరు, బయటి నీరు చేతికి ఒకే వేడిగా తగిలినప్పుడు సంచిని వాల్చి పట్టుకోండి. బతికిన పిల్ల తనంతట తానే ఈదుకుంటూ బయటికి పోతుంది. సంచిలోనే మిగిలిపోయిన వాటిని లెక్కపెట్టి రాసుకోండి. అమ్మినవారితో మాట్లాడటానికి ఆ లెక్క పనికివస్తుంది. సెలవు.